ఇరవైయొక్క అంకెల సంఖ్య కథ

రెండును రెట్టిస్తే నాలుగు, నాలుగును రెట్టిస్తే ఎనిమిది. ఇట్లా రెట్టింపు చేసుకుంటూ పోయే లెక్క ఛందస్సు చదివినవారికి కొత్త కాదు. పద్యపాదంలో ప్రతి అక్షరమూ గురువైనా కావాలి, లఘువైనా కావాలి. అందువలన పాదంలో ఒక అక్షరం పెరిగినప్పుడల్లా సాధ్యమయ్యే రూపాలు రెట్టింపవుతాయి. ఇరవై అక్షరాల పాదానికి 10,48,576 రూపాలు ఉన్నవి. ప్రస్తారక్రమంలో ఉత్పలమాల వాటిలో 3,55,799వది. ఇరవైసార్లకే పది లక్షలు దాటిన ఈ లెక్కను అరవైయేడు వరకు సాగించి, చివరకు వచ్చినదానిలో నుండి ఒకటి తీసివేస్తే ఈ సంఖ్య వస్తుంది:

14,75,73,95,25,89,67,64,12,927

ఇది సుమారు 14 లక్షల 75 వేల కోటికోట్లు. ఇందులో ఇరవైయొక్క అంకెలు ఉన్నవి. గణితజ్ఞులు దీనిని 2⁶⁷ – 1 అని క్లుప్తంగా వ్రాస్తారు. చూడడానికి దీనిలో విశేషమేమీ కనిపించదు. అయినా ఈ సంఖ్య ఏ జాతికి చెందినది అన్న ప్రశ్న 1644లో పుట్టి, 1903లోగాని పూర్తిగా తేలలేదు. ఆ 259 సంవత్సరాలలో సంఖ్యలో ఒక్క అంకె కూడా మారలేదు. దానిని గురించి మనుషులు చెప్పిన మాట మాత్రం రెండుసార్లు మారింది. ఒక విషయం తెలుసునని గణితశాస్త్రంలో ఎప్పుడు అనవచ్చునో ఈ చరిత్ర చక్కగా చూపుతుంది.

సంఖ్యల జాతులు

ఒకటితోను, తనతోను తప్ప మరి దేనితోను నిశ్శేషంగా భాగింపబడని సంఖ్యలను ప్రధాన సంఖ్యలు అంటారు. 2, 3, 5, 7, 11 ఇట్టివి. ఒకటి కంటె పెద్దవైన మిగిలిన సంఖ్యలన్నీ సంయుక్త సంఖ్యలు. ప్రతి సంయుక్త సంఖ్యనూ ప్రధాన సంఖ్యల లబ్ధంగా వ్రాయవచ్చు. ఆ ప్రధాన సంఖ్యలే దాని ప్రధాన కారణాంకాలు.

ప్రాచీన గ్రీకులు మరొక వర్గీకరణ కూడా చేశారు. ఒక సంఖ్యను నిశ్శేషంగా భాగించే చిన్న సంఖ్యలన్నిటినీ కూడి, ఆ మొత్తాన్ని అసలు సంఖ్యతో పోల్చి చూశారు. ఎనిమిదిని భాగించేవి 1, 2, 4. వాటి మొత్తం 7. ఇది ఎనిమిదికి తక్కువ కనుక ఎనిమిది న్యూన సంఖ్య. పన్నెండును భాగించే 1, 2, 3, 4, 6ల మొత్తం 16. ఇది పన్నెండుకు ఎక్కువ కనుక పన్నెండు అధిక సంఖ్య. ఆరును భాగించే 1, 2, 3ల మొత్తం సరిగా 6. ఇట్టి దానిని పరిపూర్ణ సంఖ్య అన్నారు. ఆరు తరువాత వచ్చే పరిపూర్ణ సంఖ్యలు 28, 496, 8128. ఈ మూడు తెగలను క్రీ. శ. 100 ప్రాంతంలో నికోమాకస్ తన అంకగణిత గ్రంథంలో విపులంగా వర్ణించాడు.

పరిపూర్ణ సంఖ్యలను తయారుచేసే మార్గాన్ని అంతకు నాలుగు వందల ఏండ్ల ముందే యూక్లిడ్ చూపించాడు. రెండు యొక్క ఏదైనా ఘాతంలో నుండి ఒకటి తీసివేయగా ప్రధాన సంఖ్య వచ్చినట్లయితే, దానిని అంతకు ముందరి ఘాతంతో గుణించాలి. అప్పుడు వచ్చేది పరిపూర్ణ సంఖ్య. 4లో ఒకటి తీసివేస్తే 3. దానిని 2తో గుణిస్తే 6. 8లో ఒకటి తీసివేస్తే 7. దానిని 4తో గుణిస్తే 28. అట్లే 31ని 16తో గుణిస్తే 496, 127ను 64తో గుణిస్తే 8128. కనుక కొత్త పరిపూర్ణ సంఖ్యలు కావలసినవారు ముందుగా ఈ రకపు ప్రధాన సంఖ్యల కోసం వెదకవలసి వచ్చింది.

ఆ వెదుకులాటలో ఒక సంగతి త్వరలోనే తెలిసింది. ఘాతాంకం సంయుక్త సంఖ్య అయితే ఫలితం కూడా సంయుక్తమే అవుతుంది. ఉదాహరణకు 2⁹ – 1 అంటే 511. అది 7, 73ల లబ్ధం. కాని ఘాతాంకం ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన ఫలితం ప్రధాన సంఖ్య కావాలనే నియమం లేదు. 2¹¹ – 1 అంటే 2047. ఇది 23, 89ల లబ్ధమని 1536లో రెగియస్ చూపించాడు. అప్పటి నుండి ప్రతి ఘాతాంకాన్నీ విడివిడిగా పరీక్షించక తప్పలేదు.

మెర్సెన్ పట్టిక

పదునేడవ శతాబ్దిలో మారిన్ మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి పారిస్‌లో ఉండేవాడు. నాడు ఐరోపాలో శాస్త్ర పత్రికలు లేవు. ఫెర్మా, దెకార్త్ వంటి పండితులు తమ ఫలితాలను ఈయనకు జాబులలో వ్రాసేవారు; ఈయన వాటిని ఇతరులకు చేరవేసేవాడు. 1644లో అచ్చయిన తన గ్రంథపు పీఠికలో మెర్సెన్ ఒక పట్టిక ఇచ్చాడు. 257 వరకు గల ఘాతాంకాలలో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 అనే పదకొండు మాత్రమే ప్రధాన సంఖ్యలను ఇస్తాయన్నాడు. దీనికి ఉపపత్తి ఇవ్వలేదు. పదునైదు ఇరవై అంకెల సంఖ్య ప్రధానమో కాదో తేల్చడానికి కాలమంతా చాలదని ఆయనే మరొకచోట వ్రాశాడు. ఆ మాటను బట్టి చూస్తే, ఇరవైయొక్క అంకెలున్న 2⁶⁷ – 1ని ఆయన భాగహారం చేసి పరీక్షించి ఉండడని స్పష్టమవుతుంది. అయినా ఆ పట్టిక ఆయన పేరుతో ప్రచారంలోకి వచ్చింది. నేటికీ ఈ రకపు సంఖ్యలను మెర్సెన్ సంఖ్యలు అనే పిలుస్తారు.

పట్టికకు నాలుగేండ్ల ముందే, 1640లో, ఫెర్మా ఆయనకు ఒక లేఖలో మంచి సాధనాన్ని అందించాడు. ఘాతాంకం బేసి ప్రధాన సంఖ్య అయినప్పుడు మెర్సెన్ సంఖ్యను ఏ ప్రధాన సంఖ్య పడితే అది భాగించలేదు. ఘాతాంకాన్ని రెట్టించి, ఆ రెట్టింపు యొక్క గుణిజానికి ఒకటి కలిపితే వచ్చే సంఖ్యలే భాగించగలవు. ఘాతాంకం 11 అయితే రెట్టింపు 22. ఇందాక చూసిన 23 అంటే 22కు ఒకటి ఎక్కువ. 89 అంటే 88కి ఒకటి ఎక్కువ. ఈ నియమంతోనే ఫెర్మా 2³⁷ – 1ని 223 భాగిస్తుందని కనుగొన్నాడు. 223 అంటే 74ను మూడుతో గుణించి ఒకటి కలిపిన సంఖ్య.

1772లో ఆయిలర్ పండితుడు 2³¹ – 1 నిజంగా ప్రధాన సంఖ్యయేనని నిరూపించాడు. మెర్సెన్ చెప్పిన మాట ఇక్కడ సరిపోయింది. దీనితో పట్టికలోని మిగిలిన ఘాతాంకాలపై కూడా కొంత నమ్మకం పెరగడం సహజమే. కాని 31 నిజమైనంత మాత్రాన 67 నిజం కావాలని లేదు.

కారణాంకం చూపని తీర్పు

1876లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఎడ్వార్డ్ లూకా ఒక కొత్త మార్గం తెరిచాడు. అంతవరకు సంఖ్యను పరీక్షించడమంటే దానిని చిన్న సంఖ్యలతో భాగించి చూడడమే. లూకా పద్ధతిలో కారణాంకాలను వెదకనక్కరలేదు. ఈ పద్ధతికి అమెరికా గణితజ్ఞుడు లేమర్ 1930లో ఇచ్చిన సులభరూపం ఇది: నాలుగుతో మొదలుపెట్టాలి. దానిని వర్గం చేసి రెండు తీసివేయాలి. వచ్చినదానిని పరీక్షించవలసిన సంఖ్యతో భాగించి, శేషాన్ని మాత్రం ఉంచుకోవాలి. ఆ శేషాన్ని మరల వర్గం చేసి రెండు తీసివేయాలి. ఇట్లా ఘాతాంకం కంటె రెండు తక్కువసార్లు చేయాలి. చివరి శేషం సున్న అయితే అది ప్రధాన సంఖ్య. కాకపోతే సంయుక్త సంఖ్య.

31ని తీసుకొంటే దాని ఘాతాంకం 5 కనుక మూడుసార్లు చేయాలి. 4 తరువాత 14. దాని తరువాత 194. 194ను 31తో భాగిస్తే శేషం 8. ఎనిమిది వర్గం 64లో రెండు పోగా 62. అది 31తో నిశ్శేషంగా పోతుంది. కనుక 31 ప్రధాన సంఖ్య. 2047కు ఇదే పరీక్ష తొమ్మిదిసార్లు చేస్తే చివరకు 1736 మిగులుతుంది. కనుక 2047 సంయుక్తం. ఈ లెక్కలో 23 గాని 89 గాని ఎక్కడా కనిపించలేదన్న సంగతి గమనింపదగినది.

లూకా తన పద్ధతితో 39 అంకెలు గల 2¹²⁷ – 1 ప్రధాన సంఖ్య అని ప్రకటించాడు. 1951 వరకు అంతకన్న పెద్ద ప్రధాన సంఖ్య ఎవరికీ తెలియలేదు. అదే సమయంలో 2⁶⁷ – 1 ప్రధాన సంఖ్య కాదని కూడా తేల్చాడు. మెర్సెన్ పట్టికలో మొదటి తప్పు ఇట్లా బయటపడింది.

అయితే ఇది విచిత్రమైన స్థితి. సంఖ్య విడిపోతుందని రుజువైనది. ఏయే సంఖ్యలుగా విడిపోతుందో మాత్రం తెలియలేదు. పెట్టెలో ఏదో ఉన్నదని బరువును బట్టి తెలిసింది, తాళం మాత్రం రాలేదు. తరువాతి ఇరవైయేడు సంవత్సరాలు ఆ స్థితి అట్లాగే ఉండిపోయింది.

మూడేండ్ల ఆదివారాలు

1903 అక్టోబరు 31న న్యూయార్కులో అమెరికా గణితశాస్త్ర సంఘం సమావేశం జరిగింది. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు, ఆ సంఘ కార్యదర్శి ఫ్రాంక్ నెల్సన్ కోల్ “పెద్ద సంఖ్యల కారణాంకాలు” అన్న విషయంపై ప్రసంగించవలసి ఉన్నది. అప్పుడు జరిగినదానిని ఎరిక్ టెంపుల్ బెల్ అనే గణితజ్ఞుడు చాలా కాలం తరువాత ఒక పుస్తకంలో వర్ణించాడు. ఆ కథనం ప్రకారం కోల్ మాటామంతీ లేకుండా నల్లబల్ల దగ్గరకు వెళ్లి, రెండును 67వ ఘాతం వరకు గుణించి ఒకటి తీసివేశాడు. తరువాత బల్లకు ఖాళీగా ఉన్న వైపున

19,37,07,721 × 7,61,83,82,57,287

అని వ్రాసి, ఒక్కొక్క వరుసగా గుణకారం పూర్తిచేశాడు. రెండు వైపులా ఒకే సంఖ్య వచ్చింది. కోల్ ఒక్క మాటైనా ఆడకుండా వచ్చి కూర్చున్నాడు. సభలోనివారు చప్పట్లు చరిచారు. ఎవరూ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

ఈ కారణాంకాలు కనుగొనడానికి ఎంత కాలం పట్టిందని 1911లో తాను అడిగితే, “మూడేండ్ల ఆదివారాలు” అని కోల్ జవాబిచ్చాడని బెల్ వ్రాశాడు. సభా వృత్తాంతానికి బెల్ కథనమే ఆధారం; అందులో కథకుని చేతివాటం కొంత ఉండవచ్చు. ఫలితం మాత్రం 1903 డిసెంబరులో సంఘ పత్రికలో అచ్చయి ఉన్నది. దానిని ఎవరైనా సరిచూడవచ్చు.

కోల్ పడిన శ్రమ ఎంతటిదో ఊహించడానికి ఫెర్మా నియమమే సహాయపడుతుంది. ఘాతాంకం 67 కనుక కారణాంకాలు 134 యొక్క గుణిజానికి ఒకటి ఎక్కువగా ఉండాలి. వాటిని ఎనిమిదితో భాగిస్తే శేషం ఒకటి గాని, ఏడు గాని మిగలాలని మరొక నియమం ఉన్నది. ఈ రెండు నియమాలకూ లోబడే సంఖ్యలను వరుసగా వ్రాసుకుంటూ పోతే, కోల్ కనుగొన్న చిన్న కారణాంకం సరిగా 7,22,790వ స్థానంలో వస్తుంది. ఒక్కొక్క భాగహారానికి పది నిమిషాల చొప్పున, దినానికి ఎనిమిది గంటలు ఎడతెగకుండా పనిచేసినా నలభైయొక్క సంవత్సరాలు పడుతుంది. 3, 5, 7ల గుణిజాలను ముందే కొట్టివేస్తే భారం సగానికి పైగా తగ్గుతుంది. అయినా ఒక మనిషి ఆదివారాలకు అది లొంగే పని కాదు. కోల్ భాగించి చూడడం మీదనే ఆధారపడలేదు. వర్గ సంఖ్యలు మిగిల్చే శేషాలను పరిశీలించి, కారణాంకాలు కాజాలని సంఖ్యలను గుంపులు గుంపులుగా జల్లెడ పట్టి తొలగించాడు. మిగిలిన కొద్దివాటిలో అసలైనది దొరికింది.

వేషధారి సంఖ్య

కారణాంకాలు దొరకడంతో ఈ సంఖ్యకు చెందిన గుణాలన్నీ తేటతెల్లమయ్యాయి. ఇది బేసి సంఖ్య, సంయుక్త సంఖ్య, అందులోను రెండే రెండు ప్రధాన కారణాంకాలు గలది. ఒకటి కంటె పెద్దదైన ఏ వర్గ సంఖ్యా దీనిని భాగించదు. దీనిని భాగించే చిన్న సంఖ్యలు మూడే: ఒకటి, ఆ రెండు కారణాంకాలు. వాటి మొత్తం 7,62,03,19,65,009. ఇది అసలు సంఖ్యలో పందొమ్మిది కోట్లవ వంతుకు మించదు. కనుక గ్రీకుల లెక్కలో ఇది న్యూన సంఖ్య. యూక్లిడ్ మార్గాన దీనిని 2⁶⁶తో గుణిస్తే పరిపూర్ణ సంఖ్య వస్తుందని మెర్సెన్ మాట నమ్మినవారు అనుకొని ఉంటారు. నిజానికి ఆ లబ్ధం అధిక సంఖ్య. మెర్సెన్ సంఖ్య సంయుక్తమైతే, దాని అదనపు కారణాంకాలు మొత్తాన్ని పెంచివేస్తాయి.

ఈ సంఖ్యకు మరొక చిత్రమైన లక్షణం ఉన్నది. ఒక ప్రధాన సంఖ్య ఎంత ఉంటే అన్నిసార్లు రెండును వేసి గుణించి, అందులో నుండి రెండు తీసివేస్తే, మిగిలినదానిని ఆ ప్రధాన సంఖ్య నిశ్శేషంగా భాగిస్తుంది. ఇది ఫెర్మా సిద్ధాంతంలోని ఒక భాగం. ఏడును తీసుకొంటే 128లో రెండు పోగా 126. అది ఏడుతో పోతుంది. సంయుక్త సంఖ్యలు సాధారణంగా ఈ పరీక్షలో తప్పుతాయి. 2⁶⁷ – 1 మాత్రం సంయుక్తమై ఉండి కూడా నెగ్గుతుంది. ప్రధాన ఘాతాంకం గల మెర్సెన్ సంఖ్యలన్నీ ఇట్లాగే నెగ్గుతాయి. ఇట్టివాటిని మిథ్యా ప్రధాన సంఖ్యలు అనవచ్చు. ఈ వేషాన్ని చూచి మోసపోకుండా ఉండడానికి లూకా పరీక్ష వంటిది అవసరమైనది.

మెర్సెన్ పట్టికను పూర్తిగా సరిచూడడం 1947కు ముగిసింది. అందులో మొత్తం అయిదు తప్పులు తేలాయి. 67, 257 ఉండకూడనివి. 61, 89, 107 ఉండవలసినవి. 61ని 1883లో రష్యాకు చెందిన పెర్వూషిన్, 89ని 1911లో అమెరికాకు చెందిన పవర్స్ కనుగొన్నారు. 107 సంగతి 1914లో తేలింది. తరువాత యంత్రగణకాలు వచ్చి ఈ వెదుకులాటను మరెంతో ముందుకు తీసుకుపోయాయి. 2024 అక్టోబరులో 4,10,24,320 అంకెలు గల మెర్సెన్ ప్రధాన సంఖ్యను ప్రకటించారు. అప్పటికి తెలిసిన మెర్సెన్ ప్రధాన సంఖ్యలలో అది 52వది. దానికి కూడా చివరి ప్రమాణంగా నిలిచింది లూకా, లేమర్‌ల పరీక్షయే.

రెండు ప్రశ్నలు, రెండు జవాబులు

ఈ సంఖ్య ప్రధానమా, కాదా అన్నది ఒక ప్రశ్న. కాకపోతే దాని కారణాంకాలు ఏవి అన్నది మరొకటి. మొదటిదానికి లూకా 1876లో జవాబిచ్చాడు, రెండవదానికి కోల్ 1903లో. ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న దూరం అప్పట్లో కుతూహల విషయమే తప్ప, దానితో ఎవరికీ పని పడలేదు. తరువాత ఆ దూరమే గొప్ప ఉపయోగంలోకి వచ్చింది.

1977లో అమెరికాలో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు రహస్య లేఖన పద్ధతి ఒకటి కనిపెట్టారు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించి, లబ్ధాన్ని బహిరంగంగా ప్రకటించవచ్చు. దానితో ఎవరైనా సందేశాన్ని గుప్తంగా మార్చవచ్చు. కాని దానిని విప్పడానికి ఆ రెండు కారణాంకాలు తెలిసి ఉండాలి. ప్రధాన సంఖ్యలను గుర్తించడం తేలిక, గుణించడం మరీ తేలిక, విడదీయడం మాత్రం మహాకష్టం. ఈ తేడాపైనే ఆ రహస్యం నిలిచి ఉంటుంది. ఆ సంవత్సరమే వారు 129 అంకెల సంఖ్యనొకదానిని సవాలుగా ప్రచురింపజేశారు. దాని కారణాంకాలు 1994లోగాని దొరకలేదు. అందుకు సుమారు ఆరువందలమంది తమ గణక యంత్రాలను ఒక్కటిగా పనిచేయించవలసి వచ్చింది.

మొదటి ప్రశ్న విషయంలో 2002 ఆగస్టులో భారతదేశం నుండి ముఖ్యమైన ఫలితం వచ్చింది. కాన్పూరు ఐ.ఐ.టి.లోని మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనాలు ఏ సంఖ్య అయినా ప్రధానమో కాదో నిస్సందేహంగా తేల్చే పద్ధతిని ప్రకటించారు. అంకెలు పెరిగినకొద్దీ అందులో పని ఒక హద్దులోనే పెరుగుతుంది. ఈ పద్ధతి కూడా కారణాంకాలను చూపదు. వాటిని అంత త్వరగా కనుగొనే మార్గం సాధారణ గణక యంత్రాలకు ఇంతవరకు దొరకలేదు. అట్టి మార్గం లేనే లేదని కూడా ఎవరూ నిరూపించలేదు.

మెర్సెన్ మాటను కాదనడానికి 232 ఏండ్లు, తాళం తీయడానికి మరి 27 ఏండ్లు పట్టాయి. కాని కోల్ ఇచ్చిన జవాబును సరిచూడడానికి పెద్ద పాండిత్యం అక్కరలేదు. ముందుగా మూడు సంఖ్యల అంకెలనూ కూడి చూడవచ్చు. మొదటి కారణాంకపు అంకెల మొత్తం 37, రెండవదానిది 64, లబ్ధానిది 109. వీటిని మరల కూడుతూ పోతే మూడూ ఒకటికే వస్తాయి. ఒకటిని ఒకటితో గుణిస్తే ఒకటే కనుక లెక్క ఇంతవరకు పొసిగింది. అయితే ఇది సూచన మాత్రమే, రుజువు కాదు. రుజువు కావలసిన విద్యార్థి కాగితం, పెన్సిలు తీసుకొని ఆ తొమ్మిది అంకెల సంఖ్యతో పన్నెండు అంకెల సంఖ్యను గుణించవలసిందే. గంట లోపల పని పూర్తవుతుంది. ఎవరి మాటనూ నమ్మవలసిన అవసరం ఉండదు.